ఉప్పునీళ్ళలో తేలిన పురుగు

నాకు కాలు ఒక చోట నిలవదు. చిన్నప్పుడు మా తండాలో అందరూ అనేవాళ్ళు. ఇప్పుడు సూర్యాపేటలో నేను జువాలజీ చెప్పే ప్రైవేటు కాలేజీలో పిల్లలూ అంటారు. బోర్డు మీద కప్ప గుండె బొమ్మ సగం గీసి, కిటికీ దాకా పోయి, బయటికి చూసి, మళ్ళీ వచ్చి మిగతా సగం గీస్తానట. కూర్చుని చెయ్యాల్సిన పని ఏది నా చేతిలో పడినా సగంలోనే ఆగుతుంది. అట్లా ఆగినవాటిలో పెద్దది నా పీహెచ్‌డీ. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ధాన్యానికి పట్టే పురుగుల మీద మొదలుపెట్టాను. ముక్కు పురుగుల కాళ్ళు లెక్కపెట్టాను, మీసాలు కొలిచాను, నాలుగు అధ్యాయాలు రాశాను. అయిదోది మిగిలింది. అప్పుడే పెళ్ళయింది, పాప పుట్టింది, ఉద్యోగం దొరికింది అని అడిగినవాళ్ళకు చెబుతుంటాను. అవన్నీ సాకులు. కుర్చీలో కూర్చోలేకపోయాను, అంతే.

మూడేళ్ళ కిందట, జూన్ మొదట్లో, అప్పట్లో నాకు గైడుగా ఉన్న సారు హైదరాబాదు రమ్మని ఫోన్ చేశారు. ఆయన రిటైరై చాలా కాలమైంది. నేను పోగానే ఒక అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. తెరిస్తే దూది మధ్య శనగ గింజంత పసుపు ముక్క. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. లోపల ఒక పెంకు పురుగు. మన బియ్యంలో కనబడే పురుగంతే ఉంది, అట్లాగే ముందుకు సాగిన ముక్కు, మడిచిన కాళ్ళు, వీపు మీద సన్నటి గీతలు కూడా తెలుస్తున్నాయి.

అంబర్ గురించి పుస్తకాల్లో చదవడమే కానీ అప్పటిదాకా చేత్తో ముట్టుకోలేదు. చెట్టుకు గాయమైతే కారే జిగురే అది, మన గుగ్గిలం లాంటిదే. భూమిలో కూరుకుపోయి కోట్ల ఏళ్ళకు రాయిలా గట్టిపడుతుంది. జిగురు కారేటప్పుడు ఏ పురుగో వచ్చి అంటుకుంటే, దాని మీద ఇంకో చుక్క, ఆ మీద ఇంకో చుక్క పడి అట్లాగే ఉండిపోతుంది. ఈ ముక్కను సారు స్నేహితుడొకాయన గుజరాత్‌లో లిగ్నైట్ గనుల దగ్గర పనిచేసినప్పుడు తెచ్చిచ్చాడట. అక్కడి అంబర్ వయసు అయిదు కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ ఉంటుంది.

"ముక్కు పురుగుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. దీని వివరణ నువ్వు రాయి. అదే నీ అయిదో అధ్యాయం అనుకో. యూనివర్సిటీలో నేను మాట్లాడతాను" అన్నారు. "పది రోజులు ఉంచుకో. జాగ్రత్త."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే నోరు ఊరుకోక, "అసలుదేనా సార్? ఏమైనా పరీక్ష చేశారా?" అనడిగాను.

"చూస్తే తెలియడం లేదా?" అని విసుక్కున్నారు. నేను అగ్గిపెట్టె మూసి సంచిలో పెట్టుకున్నాను.

సూర్యాపేట బస్సులో నా అనుమానం నాతోపాటే కూర్చుంది. ప్లాస్టిక్ జిగురు కరిగించి, నిన్న చచ్చిన పురుగును అందులో వేసి, కోట్ల ఏళ్ళనాటిదని అమ్మేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నేనేమో దాని మీద పేజీలు పేజీలు రాస్తాను. తర్వాత ఎవరో ఒకరు ఇది బొత్తాల ప్లాస్టిక్ అని తేలుస్తారు. నా పరువంటే పెద్దగా లేదు కాబట్టి పోయేదీ లేదు. సారుది అట్లా కాదు. అందుకని ముందు అసలుదో కాదో తేలాలి, ఆ తర్వాతే కలం పట్టాలి అనుకున్నాను. కలం పట్టకుండా ఉండటానికి ఇదొక మంచి సాకు కూడా అని ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టి చూడబోయాను. ముందు కాలు దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ కబురు. అడ్మిషన్ల సీజన్ కదా, లెక్చరర్లందరం ఊళ్ళ మీద పడాలి. నన్ను తిరుమలగిరి వైపు పంపారు. ఎండలో పత్తి చేల మధ్య ఇల్లిల్లూ తిరిగి, "మీ అమ్మాయిని మా కాలేజీలో చేర్పించండి" అని బతిమిలాడుతూ, ఇల్లు మారినప్పుడల్లా చేతిసంచిలోంచి అగ్గిపెట్టె తీసి చూసుకున్నాను. ఉందా, ఉంది. మళ్ళీ నాలుగిళ్ళు. ఉందా, ఉంది. నాతో వచ్చిన ఇంగ్లీషు మేడం, "అందులో ఏముంది మేడం, మీ ప్రాణమా?" అని నవ్వింది. నవ్వులాటకు అన్నా నిజమే అన్నది.

మూడోనాటికి ఆగలేకపోయాను. సెలవు చీటీ రాసి పారేసి కోదాడ పోయాను. అక్కడ మా చెల్లె ఉంటుంది. దాని దగ్గర గోళ్ళరంగు తుడిచే మందు ఉంటుందని నాకు తెలుసు. అది ఎసిటోన్. ఇంకా పండని కుర్ర జిగురైతే ఆ మందు తగలగానే జిగటగా అయిపోతుంది. అసలు అంబర్ అయితే ఏమీ కాదు.

"పురుగును చూపించడానికి సెలవు పెట్టి వచ్చావా అక్కా?" అంది చెల్లె. కోదాడలో కాపురం పెట్టి పదేళ్ళకే దాని మాటకు సరిహద్దు అవతలి జిల్లా నునుపు వచ్చింది. "నాకోసం ఒక్కరోజు కూడా రావు కదా నువ్వు."

పురుగు లేని అంచు మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, వేలితో నొక్కాను. పొడిగా, గట్టిగా ఉంది. వేలిముద్ర కూడా పడలేదు. ఎగిరి గంతేశాను. కానీ ప్లాస్టిక్‌లలో కూడా ఆ మందుకు లొంగనివి ఉన్నాయి. చెల్లె టీ పెడుతుండగానే, "అమ్మను చూసి రెండు నెలలైంది, పోతున్నా" అని బస్సెక్కేశాను. మిగిలిన పరీక్ష ఉప్పునీళ్ళది. చిక్కటి ఉప్పునీళ్ళలో అంబర్ తేలుతుంది, ఆ గట్టి ప్లాస్టిక్‌లు మునుగుతాయి. ఇది నాకు హుజూర్‌నగర్ దాటాక గుర్తొచ్చింది. చెల్లె వంటింట్లో గ్లాసుడు నీళ్ళు, గుప్పెడు ఉప్పు చాలు. మరో పది నిమిషాలు అక్కడ కూర్చుని ఉంటే సరిపోయేది. బస్సులోనే నన్ను నేను తిట్టుకున్నాను.

మిర్యాలగూడలో దిగి, వేములపల్లి దాటి మా తండాకు ఆటోలో పోయేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. మా ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. కోపమొస్తే మాత్రం అమ్మ తెలుగులోకి దిగుతుంది. మిర్యాలగూడ మార్కెట్లో కూరగాయలు అమ్ముతూ నేర్చుకున్న తెలుగు, తగాదాలకు బాగా పనికొస్తుంది. ఇక్కడ వాళ్ళ మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

వాకిట్లో నాయిన విత్తనం వడ్లకు ఉప్పునీళ్ళు కలుపుతున్నాడు. సగానికి కోసిన నీలం డ్రమ్ము, అందులో నీళ్ళు, నీళ్ళలో ఒక కోడిగుడ్డు. గుడ్డు పైకి తేలి రూపాయి బిళ్ళంత బయట కనబడితే ఉప్పు సరిపోయినట్టు. అప్పుడు వడ్లు పోస్తారు. గట్టి గింజ అడుగుకు పోతుంది. తాలు, పురుగు తిన్నది, సగం పాలు పోసుకున్నది పైకి తేలుతుంది. తేలిందాన్ని జల్లెడతో తీసి కోళ్ళకు వేస్తారు, మునిగిందాన్ని మంచినీళ్ళతో కడిగి, మొలకెత్తేలా గోనె సంచిలో మండె కడతారు. చుట్టుపక్కల ఎవరూ ఇప్పుడు ఇంత తిప్పలు పడటం లేదు. నాయిన మాత్రం మానడు.

నాకోసమే అన్నట్టు ఉప్పునీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. బ్యాగు కింద పెట్టలేదు, అమ్మను పలకరించలేదు, చెప్పులు కూడా విప్పకుండా అగ్గిపెట్టె తెరిచి ఆ ముక్కను డ్రమ్ములో వేశాను. మెల్లగా కిందికి పోయింది. నా గుండె కూడా దాంతోపాటే దిగింది. సగం లోతులో ఆగి, అటూ ఇటూ ఊగుతోంది. పక్కనున్న సంచిలోంచి రెండు దోసిళ్ళ ఉప్పు తీసి నీళ్ళలో పోసి కలిపాను.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా! ఉప్పెక్కువైతే గట్టి గింజ గూడ తేల్తది" అని నాయిన అరిచాడు.

పసుపు ముక్క కదిలింది. లేచింది. నీళ్ళ పైకి వచ్చేసింది.

అక్కడే నిలబడి ఇంకాసేపు చూసి, చేత్తో తీసుకుని, తుడిచి, అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్ళు మామూలు మనుషులు. నేను ఫోన్ పట్టుకుని కాలువ గట్టుకు పరిగెత్తాను. మా ఇంటి దగ్గర సిగ్నల్ రాదు. సారుకు చెప్పాలి, ఆ క్షణమే చెప్పాలి. గట్టు మీద నాలుగుసార్లు చేశాను, ఆయన ఎత్తలేదు. చెల్లెకు చేసి చెప్పాను. ఇంగ్లీషు మేడంకు కూడా చేశాను. తిరిగొచ్చేసరికి పావుగంట పైనే అయిందేమో.

డ్రమ్ములో వడ్లు పోసి ఉన్నాయి. పైన ఒక్క తాలు గింజ లేదు, ఏమీ లేదు. నాయిన వెనక కొట్టంలో గోనె సంచి వెతుకుతున్నాడు. అమ్మ చేతిలో జల్లెడ. వాకిట్లో తొమ్మిది కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాలు మీద పడి పొడుస్తున్నాయి.

"నీళ్ళల్లో పసుపుపచ్చ రాయి ఉండాలె, ఏదీ?"

"రాయి యాడిది? పురుగు పట్టిన మక్క గింజ ఒకటుండె, పచ్చగ. లోపల పురుగు గూడ కనబడ్డది. తాలుతో తీసి కోళ్ళకేసిన" అంది అమ్మ.

తర్వాత నేనన్న మాటలు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "బుద్ధుందా నీకు? చదువు రాకపోతే కళ్ళు కూడా కనబడవా? నా బతుకంతా కోళ్ళకేసినవ్" అన్నాను. తండా అంతా వినబడేంత గట్టిగా అన్నాను. అమ్మ తెలుగులోకి దిగలేదు. జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడింది. నాకది ఇంకా మంట పుట్టించింది.

ముగ్గురం వాకిలంతా వెతికాం. మట్టి పార పెట్టి గీకి, బుట్టలకెత్తి, జల్లెడ పట్టాం. తాలు, పేడ బెడ్డలు, ఒక హెయిర్ పిన్ను. పసుపు ముక్క లేదు. అమ్మ చాలాసేపు ఆలోచించి, ఎర్ర పెట్ట ఏదో పెద్ద గింజ మింగి మెడ సాచి తల విదిలించిందని చెప్పింది. చెప్పి, నా ముఖంలోకి చూసి, లోపలికి పోయి కత్తిపీట తెచ్చింది. ఎర్ర పెట్ట రోజూ గుడ్డు పెట్టేది. కందనకాయ కోసి చూశాం. వడ్లు, గులకరాళ్ళు, చొక్కా గుండీ. నల్లదేమో అంది అమ్మ. నల్లదాన్ని కోశాం. గులకరాళ్ళే.

మూడోది పిల్లల కోడి. అమ్మ దాని వైపు నడుస్తోంది. వెనకాల పిల్లలు కీచుకీచుమంటున్నాయి. నేను ఆపలేదు. ఆపాలని తోచలేదు కూడా. ఆ కోడి కడుపులో ఉందా లేదా అన్నదొక్కటే నా తలలో ఉంది. నాయిన వచ్చి అమ్మ చేతిలోంచి కత్తిపీట తీసుకున్నాడు.

"తేలిందల్ల పడెయ్యమని దానికి చెప్పింది నేను" అన్నాడు నాతో. "నలభై ఏండ్ల సంది అదే చెప్తున్న. తిడితే నన్ను తిట్టు."

అమ్మ అప్పుడు మాట్లాడింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "గంత కావాల్సిన దాన్ని నీళ్ళల్ల ఇడిసి ఎందుకు పోయినవ్?"

అందరూ మృగశిర కార్తె అని చేపలు తింటున్న రోజుల్లో మా ఇంట్లో రెండు కోళ్ళ కూర వండారు. ఎవరికీ ముద్ద దిగలేదు. మర్నాడు తెల్లారగానే, మొదటి ఆటో ఎక్కి మిర్యాలగూడ బస్టాండుకు వచ్చేశాను.

సూర్యాపేటలో రెండు రోజులు ఉన్నానంటే ఉన్నాను. క్లాసులో ఒకే పాఠం రెండుసార్లు చెప్పానట. సారు మిస్డ్ కాల్ చూసి రెండుసార్లు చేశారు, నేను ఎత్తలేదు. చెల్లె ఫోన్‌లో సలహా ఇచ్చింది. "బస్సులో బ్యాగ్ పోయిందని చెప్పెయ్ అక్కా. పెద్దాయన, నమ్ముతాడు." నిజం చెప్పాలంటే ఆ అబద్ధాన్ని ఒక రాత్రంతా మనసులో రిహార్సల్ వేశాను. ఏ బస్సు, ఏ సీటు, కండక్టర్ ఏమన్నాడు, అన్నీ కుదిరాయి. తెల్లవారి ఫోన్ చేతిలోకి తీసుకుంటే కోళ్ళ వైపు నడుస్తున్న అమ్మ వీపు కనబడింది. అబద్ధం చెబితే ఆమె కోళ్ళు కోసింది కూడా అబద్ధమైపోతుందనిపించింది. ఎందుకట్లా అనిపించిందో తెలియదు. మళ్ళీ బస్సెక్కాను.

నేను పోయేసరికి అమ్మ, నాయిన నారుమడిలో ఉన్నారు. మండె విప్పారు, తెల్లటి మొలకలు వచ్చాయి. అమ్మ గంప చంకన పెట్టుకుని బురదలో మొలకలు చల్లుతోంది. నన్ను చూసి, "తిన్నవా?" అంది, అంతే. గట్టు మీద నిలబడి, ఎక్కడికీ పోకుండా, సారుకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. అమ్మ కూడా వినాలని కావాలనే పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎసిటోన్, ఉప్పునీళ్ళు, ఫోన్ కోసం పరుగు, కోళ్ళు, కందనకాయలు. మా అమ్మను తిట్టిన సంగతి కూడా చెప్పాను.

సారు తిడతారని ఎదురుచూశాను.

"తేలిందా?" అన్నారు ఆయన. "ముప్పై ఏళ్ళు నా దగ్గరుందమ్మా. ఎక్కడ మునుగుతుందోనని ఒక్కసారి కూడా నీళ్ళలో వెయ్యలేదు నేను. నిజంగా తేలిందా?"

"తేలింది సార్. నేను చూశాను."

"పైకొచ్చి అక్కడే ఆగిందా? గాలి బుడగ అంటుకుంటే నకిలీది కూడా ఒక్కసారి పైకి లేస్తుంది. బుడగ పగలగానే మళ్ళీ మునుగుతుంది. ముంచి చూశావా?"

నేను చూడలేదు. పైకి రాగానే పరిగెత్తాను. అది అక్కడే ఉందో, మళ్ళీ మునిగిందో, నాకు తెలియదు. నలభై దాటిన మనిషిని, నాలుగు అధ్యాయాలు రాసినదాన్ని, చేసిన రెండు పరీక్షల్లో అసలుదాన్ని సగంలో వదిలేశాను.

బురదలోంచి అమ్మ గట్టు దగ్గరికి వచ్చింది. చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ వైపు వంగింది.

"సారూ, నేను దీని తల్లిని. ఉప్పు జర ఎక్కువేసిపోయింది ఇది. మంచి గింజ గూడ లేస్తుండె. అందుకని తేలిందాన్ని ఊకె తియ్యలే. అరచేత్తోని అడుగు దాక ముంచి, కలిపి ఇడిసిన. మంచిదైతే ముంచినంక లేవదు సారూ, మేం గట్లనే సూస్తం. ఆ పచ్చది మూడుసార్లు ముంచిన. మూడుసార్లూ పైకే వచ్చింది. అందుకే పారేసిన."

ఫోన్‌లో సారు, "ఇంకొక్కసారి చెప్పమ్మా" అన్నారు.

పెద్దమనిషికి సరిగ్గా వినబడలేదనుకుంది అమ్మ. ఫోన్‌ను నోటి దగ్గరికి తీసుకుని, పక్క మడిలో వాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా, మూడుసార్లు అని మళ్ళీ చెప్పింది.